యార్క్ కోట నుంచి లీడ్స్ వంటగది తలుపు దాకా

షెఫీల్డ్‌లో రూత్, నేను ఒకే వార్డులో నర్సులం. ఈ మార్చిలో ఒక ఆదివారం తనకు డ్యూటీ వద్దని అడుగుతూ, "ఆ రోజు మా సినగాగ్‌లో నాకు గేటు రోటా ఉంది" అంది. యూదుల ప్రార్థన మందిరానికి గేటు రోటా, అంటే వంతుల డ్యూటీ, ఎందుకో నాకు అర్థం కాలేదు. మా తెలుగు చర్చిలో గుమ్మం దగ్గర నిలబడేవాళ్ళు నవ్వుతూ పాటల పుస్తకం చేతికిస్తారు. రూత్ వాళ్ళ గుమ్మం దగ్గర సంచులు వెతుకుతారట, వీధిని గమనిస్తారట, అందుకు శిక్షణ కూడా తీసుకుంటారట. ఇదంతా ఎప్పటి నుంచి అని అడిగాను. "పొద్దున యార్క్ చూడు. మధ్యాహ్నం లీడ్స్ వచ్చి మా నాన్న చెప్పేది విను" అంది. మా ఆయన శామ్యూల్ మొదట సణిగినా, చరిత్ర అనేసరికి బయల్దేరారు.

షెఫీల్డ్ నుంచి యార్క్‌కు రైల్లో గంట దాకా పడుతుంది. స్టేషన్ నుంచి నది దాటి నడుచుకుంటూ వెళ్తే క్లిఫర్డ్స్ టవర్ కనిపిస్తుంది. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కుంటే కొంచెం తగ్గుతుంది. పచ్చటి గుట్ట, దాని మీద గుండ్రటి రాతి బురుజు, చుట్టూ పసుపు రంగు డాఫడిల్ పూలు. ఫోటోలో పెట్టుకునేంత అందంగా ఉంది. కానీ 1190 మార్చిలో ఇక్కడ ఉన్నది చెక్క బురుజు. ఊరి గుంపు వెంటపడితే యార్క్ యూదులు పిల్లాపాపలతో రాజుగారి రక్షణ కోరి అందులోకి చేరారు. చివరికి కోట అధికారినే నమ్మలేక, బయటికి వెళ్ళిన ఆయన్ని మళ్ళీ లోపలికి రానివ్వలేదు. దాంతో ఆయన మనుషులూ గుంపుతో కలిసిపోయారు. దారి లేక చాలామంది తమ వాళ్ళను చంపి తామూ ప్రాణం తీసుకున్నారు. మతం మారతాం, వదిలేయండని బయటికొచ్చిన వాళ్ళనూ గుంపు చంపేసింది.

గుట్ట కింద ఆ చనిపోయినవాళ్ళ గుర్తుగా పెట్టిన రాతిఫలకం చదువుతూ శామ్యూల్ నిలబడ్డారు. "చంపినోళ్ళూ క్రైస్తవులేగా, సునీతా" అన్నారు మెల్లగా.

యార్క్ నుంచి లీడ్స్‌కు అరగంట రైలు, అక్కణ్ణుంచి ఊరి ఉత్తరం వైపుకి బస్సు. సినగాగ్ ముందు ఎత్తైన ఇనుప గేటు, కెమెరాలు. వెలుతురు పడితే మెరిసే జాకెట్ వేసుకుని, చెవిలో రేడియో వైరుతో రూత్ నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వింది గానీ, చూపు నా భుజం మీదుగా రోడ్డు మీదే ఉంది. ఆమె పక్కనున్న ఆడమ్ అనే పెద్దాయన ఆ రోజు కాపలాకు బాధ్యుడు. మా ఐడీలు చూసి, సంచులు తెరిపించి, ఎక్కణ్ణుంచి వచ్చామో ఒకటికి రెండుసార్లు అడిగాడు.

"మనం చూడ్డానికి దాడి చేసేవాళ్ళలా ఉన్నామా ఏంటి?" శామ్యూల్ ముఖం ముడుచుకున్నారు. "మనకెందుకు చెప్పు ఇదంతా. బస్సెక్కి పోదాం పద."

"వచ్చాం కదండీ. రూత్ వాళ్ళ నాన్న మాట విని వెళ్దాం" అని చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాను.

లోపల హాల్లో ఆ రోజు మాట్లాడుతున్నది రూత్ వాళ్ళ నాన్న హ్యారీ, రిటైరైన స్కూల్ మాస్టారు. ఎనభై దాటినా గొంతు గట్టిది. ఆయన తాత పాత రష్యా సామ్రాజ్యం నుంచి లీడ్స్‌కు పారిపోయి వచ్చాడట. అక్కడ గుంపులు వచ్చి యూదుల ఇళ్ళు దోచి మనుషుల్ని చంపుతుంటే పోలీసులు చూస్తూ ఊరుకునేవారు. 1903లో ఆ సామ్రాజ్యంలోని కిషినేవ్ ఊళ్ళో జరిగిన యూదుల మారణకాండ తర్వాత ఊరూరా యూదు కసాయివాళ్ళు, బండివాళ్ళు, విద్యార్థులు కలిసి కర్రలు, ఇనుప కడ్డీలతో కాపలా దళాలు కట్టారు. అలాంటి వాళ్ళలో కొందరు పాలస్తీనా వెళ్ళి పొలాలకు, పల్లెలకు కావలి కాశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలోని యూదు బెటాలియన్లలో మరికొందరు యుద్ధం నేర్చుకున్నారు. "తర్వాత వచ్చిన ఇజ్రాయెల్ సైన్యం ఆలోచనకు వేళ్ళు ఈ కాపలాలోనే ఉన్నాయి. వెనక్కి జరగడానికి చోటు లేనివాడు ప్రమాదాన్ని ముందే పసిగట్టాలి. మామూలు జనమే సైనికులు కావాలి. పోరు మన ఇంట్లో కాకుండా అవతలి నేల మీద జరగాలి" అన్నారాయన.

ముందు వరుసలో ఒకావిడ లేచింది. "అవతలి నేల మీదా మనుషులే ఉంటారు కదా, హ్యారీ? గాజా సంగతేంటి?"

ఎవరో "ఇప్పుడా ఆ మాట?" అన్నారు. హ్యారీ చెయ్యెత్తి ఆపారు. "అడగనివ్వండి. భయం మనకు కాపలా నేర్పింది. ఎక్కడ ఆగాలో మాత్రం భయం నేర్పదు. అది మనమే..."

అంతలో ఆడమ్ లోపలికొచ్చాడు. గేటు పక్కన ఎవరో వీపుకు తగిలించుకునే రక్‌సాక్ పడేసి పరుగెత్తాడట, బాంబేమోనని అనుమానం. అందరూ కిటికీలు లేని వెనక హాల్లోకి నడవాలి, పోలీసులు వచ్చి చెప్పేదాకా ఏ తలుపూ తెరవకూడదు. ఎవరూ అరవలేదు, అలవాటైనట్టు వరుసగా నడిచారు. శామ్యూల్ నా చెయ్యి వదల్లేదు.

వంటగది మీదుగా, సందులోకి తెరుచుకునే తలుపు పక్క నుంచి వెనక హాల్లోకి వచ్చాక హ్యారీ గోడకు ఆనుకున్నారు. ముఖం బూడిద రంగులోకి తిరిగింది, చెమటలు, ఎడమ చెయ్యి లాగుతోందన్నారు. గుండెపోటు గుర్తించడానికి నాకు ఆలస్యం కాలేదు. నేల మీద వెనక్కి ఆనించి కూర్చోబెట్టి, అలర్జీ లేదని తెలుసుకుని నా సంచిలోని ఆస్పిరిన్ నమిలించాను. ఆడమ్ అత్యవసర నంబరు 999కి ఫోన్ చేశాడు. ఆంబులెన్స్ వచ్చింది గానీ, పోలీసులు దాన్ని రోడ్డు చివరే ఆపేశారు.

"వంటగది తలుపు వెనక సందులోకి తెరుచుకుంటుంది కదా. అటు తీసుకెళ్దాం" అన్నాను.

"ఆ సందు ఇంకా ఎవరూ తనిఖీ చెయ్యలేదు. తెరిస్తే ఇక్కడున్న అందరికీ ప్రమాదం" అన్నాడు ఆడమ్.

"తెరవకపోతే ఈయనకు ప్రమాదం. ఎంతసేపు ఆగగలరో నేను చెప్పలేను."

ఆడమ్ తలుపు గొళ్ళెం వైపు, హాల్లోని జనం వైపు మార్చి మార్చి చూశాడు. తర్వాత ఫోన్‌లో పోలీసుల అనుమతి అడిగి, రేడియోలో ఒక పోలీసుతో కలిసి సందు చూడమని రూత్‌కు చెప్పాడు. పేషెంట్ ఉన్నారన్నాడు, ఎవరో చెప్పలేదు.

"పేషెంట్ తన నాన్నేనని రూత్‌కు చెప్పరా?" అన్నాను.

"చెబితే సందు చూడదు. నాన్న కోసం పరుగెత్తుకొస్తుంది."

ఆ కాసేపూ నా వేళ్ళు హ్యారీ నాడి మీదే ఉన్నాయి. రేడియోలో రూత్ గొంతు వినిపించింది: "సందు ఖాళీ. తెరవండి." శామ్యూల్ తన కోటు తీసి హ్యారీకి కప్పి, ఆడమ్‌తో కలిసి ఆయన్ని కుర్చీలోకి చేర్చి ఎత్తారు. తలుపు తెరుచుకోగానే ఎదురుగా రూత్. కుర్చీలో ఉన్నది ఎవరో చూసింది. అయినా పక్కకు జరిగి, దారి చూపిస్తూ ముందు నడిచింది. ఆంబులెన్స్ దాకా వెనక్కి తిరగలేదు. అక్కడ మాత్రం నాన్న చేతిని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చేసింది.

ఆ రక్‌సాక్‌లో తడి బట్టలు, పాత బూట్లే ఉన్నాయి. ఎవరు, ఎందుకు పడేశారో తెలియలేదు. హ్యారీ గుండెకు స్టెంట్ వేశారు, ఇప్పుడు ఇంట్లో కోలుకుంటున్నారు. తిరుగు రైల్లో శామ్యూల్ నా వైపు తిరిగారు. "ఆ గేటు దగ్గర నాకు కోపమొచ్చింది. వాళ్ళకు వారం వారం ఇదే బతుకు" అన్నారు. నాకు మాత్రం ఆడమ్ ముఖమే కళ్ళ ముందుంది. తనవాళ్ళను కాపాడుకోవడం అంటే తలుపు మూయడమని శిక్షణ పొందిన మనిషి, ఒక ప్రాణం కోసం తెరవాల్సి వచ్చినప్పుడు ఎంత భయపడ్డాడో చూశాను. భయపడుతూనే తెరిచాడు. ఏ సైన్యమైనా, ఏ దేశమైనా నేర్చుకోవాల్సిన కష్టమైన పాఠం అదేనేమో.

మీరూ ఏదైనా సినగాగ్ చూడాలనుకుంటే కనీసం వారం ముందు ఈమెయిల్ రాసి పేరు నమోదు చేయించుకోండి, ఫోటో ఐడీ తీసుకెళ్ళండి, పెద్ద సంచులు ఇంట్లోనే వదిలేయండి. గేటు దగ్గర అడిగే ప్రశ్నలకు నొచ్చుకోకుండా జవాబు చెప్పండి. అడిగే మనిషి నాన్న లోపల కూర్చుని ఉండొచ్చు.