లక్కీకి తొడిగిన బొచ్చు కోటు

నా చేతిపనితో ఒక బొమ్మ ప్రాణం ఎలా తీయబోయానో చెబుతాను, నవ్వుకోండి. బొమ్మకు ప్రాణమేమిటంటారా? మా అక్క కూతురు అక్షరను అడగండి. లక్కీ అనే ఆ బొమ్మ పక్కన లేకపోతే పిల్లకు నిద్ర పట్టదు.

ఉప్పల్‌లో అక్షర బడిలో దేశదేశాల దుస్తుల ప్రదర్శన పెట్టారు. చీటీ తీస్తే మా పిల్లకు అలాస్కా మంచులో ఉండే ఇన్యుపియాక్ వాళ్ల బొచ్చు కోటు వచ్చింది. బొమ్మకు తొడిగి చూపించాలి. నాచారంలో జాకెట్లు కుట్టే నేనుండగా భయమెందుకు?

"పాత టెడ్డీబేరు బొచ్చు కోసి కుట్టు, సాలు" అంది అక్క.

"నకిలీ బొచ్చా? నా షాపు పేరేం గావాలె?"

వీడియో పెట్టుకున్నాను. అక్కడి అవ్వలు బొమ్మలకు కూడా నిజం తోలుతోనే ఎంత ముచ్చటగా కుడతారో! తోలును శుద్ధి చేసే మొదటి భాగం మాత్రం చూడకుండా ముందుకు జరిపేశాను. టైలర్‌ని, కుట్టు చూస్తే చాలదా?

మటన్ కొట్టు యాదన్న మేకతోలు ముక్క ఇస్తూ, "ఏం జేస్తవక్కా?" అన్నాడు.

"బొమ్మకు కోటు."

"గీ ఎండలల్ల కోటేందక్కా! మనిషి మీదనే అంగి ఆగుతలేదు."

తోలును షాంపూతో కడిగి, పచ్చిగా ఉండగానే కుట్టాను. సూది సులువుగా దిగుతుంటే నన్ను నేనే మెచ్చుకున్నాను. కొలత చెడకూడదని లక్కీకి తొడిగి డాబా మీద ఎండబెట్టాను.

సాయంత్రానికి తోలు బిగుసుకుపోయింది. కొడితే డప్పులా మోగుతోంది. పోలీసులకు దొరికిన దొంగలా లక్కీ రెండు చేతులూ పైకి లేచాయి. కోటుకు కుట్టిన టోపీలోంచి ముక్కొక్కటే కనిపిస్తోంది. వాసన సంగతి గేటు దగ్గర చేరిన కుక్కలకు తెలుసు.

"సిన్నమ్మా, లక్కీకి ఊపిరాడతలేదు!" అని అక్షర బావురుమంది. కోసి తీద్దామంటే కత్తెర దిగలేదు. తెల్లారితే ప్రదర్శన. అత్తరు కొట్టి అలాగే తీసుకెళ్లాం.

బహుమతులు నిర్ణయించే సారు ముక్కు మూసుకుని, "కోటు విప్పి చూపించమ్మా" అన్నాడు.

"రాదు సార్" అంది అక్షర, కళ్లు తుడుచుకుంటూ. "మా సిన్నమ్మ కుడితే ఎవ్వలికీ ఊడిరాదు."

వెనక కూర్చున్న తల్లుల్లోంచి నా పాత గిరాకీ సుజాతమ్మ గొంతు లేచింది. "నిజం సార్! ఈమె కుట్టిన జాకెట్ ఇప్పనీకి మా ఆడబిడ్డ కత్తెర పట్టుకొచ్చింది!"

హాలంతా నవ్వులు. ఇంకో ఇద్దరు గిరాకీలు తలలూపడం నా కళ్లారా చూశాను.

ఇంటికొచ్చి లక్కీని బకెట్ నీళ్లలో ముంచితే తోలు మెత్తబడి ఊడింది. పిల్ల లక్కీని గుండెకు హత్తుకుంది, నా మొహం మాత్రం చూడలేదు.

అందుకే కుట్టుమిషను మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: గడ్డి మేసిన దేన్నీ ఇక జన్మలో కుట్టను. జాకెట్లంటారా, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇంచి వదులే పెడుతున్నాను.