లారీ దాటేదాకా ఆగే నవోమి టీచరు

నవోమి గొంతు పెద్దది. అది ఆమె తప్పు కాదు, హైవే తప్పు. చిల్లకూరు దగ్గర వాళ్ల చర్చి సరిగ్గా హైవేని ఆనుకుని ఉంటుంది. పైన రేకులు, పక్కన లారీలు. పెళ్లికాక ముందు నుంచీ ఆమె అక్కడ సండే స్కూలు చెబుతోంది. బైబిలు కథలో దావీదు రాక్షసుడి మీదికి వడిసెల తిప్పే సమయానికి ఏదో ఒక టిప్పరు హారన్ మోగించుకుంటూ రావాల్సిందే. మొదట్లో దాని మీద పోటీకి పోయి అరిచి, గొంతు బొంగురు చేసుకుంది. తర్వాత ఒక పద్ధతి కుదిరింది. లారీ వస్తే మాట ఎక్కడున్నా అక్కడ ఆపేస్తుంది. కిటికీ పక్కన కూర్చున్న పిల్లలు రోడ్డు చూసి, బండి దాటిపోయాక చెయ్యెత్తుతారు. చెయ్యి లేచాకే వడిసెల మళ్లీ తిరుగుతుంది.

ఇన్నేళ్లకు ఆ ఆగడం ఆమె ఒంట్లో కలిసిపోయింది. హైవే పక్కనే ఉన్న ఇంట్లో చారు ఎలా ఉందని అడుగుతూ కూడా సగంలో ఆగిపోతుంది. భర్త సుశీల్ కుమార్‌ది రోడ్డు మీదే టైర్ల షాపు గనక ఆయనకు అదేమీ వింత కాదు. లారీ పోయేదాకా ముద్ద నములుతూ ఉండి, ఆ తర్వాత బాగుందంటాడు.

ఇంత గొంతు పెట్టుకుని ఆమె చేసేది నోరు విప్పే పనిలేని ఉద్యోగం. ఆఫీసుల్లో అందరూ ఒకేచోట కబుర్లు పంపుకోవడానికి, ఫైళ్లు దాచుకోవడానికి, సెలవులు అడగడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని అమ్మే కంపెనీకి హైదరాబాదులో పెద్దాఫీసు, నెల్లూరులో చిన్నాఫీసు. కొన్నవాళ్ల సందేహాలకు నవోమి ఇంట్లో కూర్చుని చాట్‌లో జవాబులు టైపు చేస్తుంది. గ్రూపు కనబడటం లేదని ఒకరు, కనబడకూడని గ్రూపు కనబడుతోందని ఇంకొకరు. అందరికీ ఓపిగ్గా చెప్పేది గానీ, ఇదే నోటితో అయితే రెండు మాటల్లో తేలిపోయేది కదా అని లోపల ఒకటే పీకులాట.

అలాంటప్పుడు కంపెనీ తెలుగులో వెబినార్లు పెట్టాలనుకుంది. ఏమీ తెలియని వాళ్ల కోసం రెండు. సాఫ్ట్‌వేర్‌ను చూసుకునే అడ్మిన్లకు ఒకటి, అందులో సొంతంగా చిన్న చిన్న ప్రోగ్రాములు తయారు చేసుకోవాలనే వాళ్లకు ఇంకొకటి. ఎవరు చెబుతారని నెల్లూరు మేనేజరు మధుబాబు అడగడమే ఆలస్యం, నవోమి ‘నేను’ అని పెట్టేసింది. ఈ రెండూ బాగా జరిగితే ఇకమీదట శిక్షణ పని ఆమెదే. లేదంటే హైదరాబాదు నుంచి వేరే ఆయన దిగుతాడు, ఆమె మళ్లీ చాట్‌లోకి పోతుంది. చిన్నప్పటి నుంచీ ఆమెను మెల్లిగా మాట్లాడమన్నవాళ్లే తప్ప, మాట్లాడమన్నవాళ్లు లేరు. ఆ పని ఆమెకు ఎంత కావాలో మాటల్లో చెప్పలేం.

మొదటి వెబినార్ ఇంటి నుంచే చెప్పింది. ఆఫీసు వాళ్లు పంపిన కొత్త హెడ్‌సెట్ తగిలించుకుని, కొత్త మనిషిని ఎలా చేర్చాలో, ఎవరికి ఏ గ్రూపు చూపించాలో, చెరిపేసే హక్కు ఎవరి చేతిలో పెట్టకూడదో హుషారుగా చెప్పుకుపోయింది. ఆ రోజు పోర్టు లారీలు వరసకట్టాయి. వచ్చిన ప్రతిదానికీ ఆగింది. దాటాక అందుకుంది. బాగానే చెప్పాననుకుంది.

అయిపోగానే మధుబాబు ఫోన్ చేసి నెట్ పోయిందా అని అడిగాడు. లేదండీ లారీలు అంది. ఏ లారీలని అడిగాడు ఆయన. తీరా చూస్తే ఆ హెడ్‌సెట్ బయటి చప్పుళ్లన్నీ మింగేస్తుందట. విన్నవాళ్లెవరికీ ఒక్క హారన్ కూడా వినబడలేదు. వాళ్లకు కనిపించింది, మాట మధ్యలో నోరు తెరిచి కిటికీ వైపు చూస్తూ ఉండిపోయిన టీచరమ్మ మాత్రమే. నవోమికి తల కొట్టేసినంత పనైంది. మధుబాబు చెడ్డవాడేం కాదు, హైదరాబాదుకు భయపడే మనిషి. రెండోది నెల్లూరు ఆఫీసు అద్దాల గదిలో చెప్పమన్నాడు.

ఆ గదిలో తలుపు వేస్తే ఫ్యాను చప్పుడు కూడా లేదు. సెలవు అడిగితే పై అధికారికి కబురు దానంతటదే వెళ్లే ప్రోగ్రాం ఆ రోజు పాఠం. ఆపడానికి ఏ లారీ లేదు గనక నవోమి ఆగలేదు. మొన్నటి పరువు దక్కించుకోవాలని పరుగో పరుగు. అద్దం అవతల మధుబాబు ముఖం వికసించింది.

సగం దాటాక కింద ఒక మెసేజ్ పడింది. పెట్టింది గంగులయ్య. సముద్రం పక్కన ఒక ఐస్ ఫ్యాక్టరీలో స్టోర్సు చూస్తాడు. మొన్నటి వెబినార్‌కీ వచ్చాడు. ‘అమ్మా, నేనింకా మొదటి పేజీలోనే ఉండాను. మొన్న మీరు ఒక మాట చెప్పి, మేం చేసుకునేదాకా ఆగినారు. ఈరోజు ఎందుకమ్మా ఆగడంలా?’ దాని కింద ఒకరి తర్వాత ఒకరు, తామూ అక్కడే ఉన్నామని పెట్టసాగారు.

నవోమికి నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. ఏ ఆగడానికి సిగ్గుతో చచ్చిపోయిందో, అదే వాళ్లకు పనికొచ్చిందన్నమాట. గొంతు తగ్గించకుండానే చెప్పేసింది.

“మొన్న నేను మీ కోసం ఆగలేదండీ, లారీల కోసం ఆగినాను. ఈరోజు మీ కోసమే ఆగుతాను. తెర కింద చెయ్యి బొమ్మ ఉంది. ఒక్కో పని అయ్యాక అది నొక్కండి. అందరి చేతులూ లేచేదాకా నేను కదలను.”

మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. చెప్పడం, ఆగడం, చేతులు లేవడం. చర్చిలో కిటికీ పక్కన పిల్లలు చేతులెత్తినట్టే అనిపించింది ఆమెకు. చివరి మెట్టు దాకా వచ్చేసరికి ఇచ్చిన సమయం దాటిపోయింది. అందరి చేతులూ లేచాయి, గంగులయ్యది తప్ప.

మధుబాబు అద్దం మీద తట్టి వాచీ చూపించాడు. హైదరాబాదు వాళ్లు కూడా చూస్తున్నారని సైగ చేశాడు. ఆ ఒక్కడినీ వదిలేసి ముగిస్తే ఉద్యోగం దక్కుతుందేమో, ఆగితే పోతుందేమో. ఆమెకు భయం వేసింది. అయినా చేతులు ఒళ్లో పెట్టుకుని, పొడుగాటి ట్రైలర్ లారీ ఏదో పోతున్నట్టు కూర్చుంది.

చెయ్యి లేచింది. దాంతోపాటే, పాఠం కోసం పై అధికారి స్థానంలో పెట్టుకున్న నవోమి పేరుకు ఒక కబురు వచ్చి అందరి తెరల మీదా మెరిసింది, ‘గంగులయ్యకు రేపు సెలవు కావలెను’ అని. ఆయన ప్రోగ్రాం పనిచేసింది. నవోమి పైకే నవ్వేసింది.

మధుబాబు ఫోన్ చెవికి ఆనించుకునే లోపలికి వచ్చాడు. ఆలస్యమైందని హైదరాబాదు వాళ్లు ముందు సణిగారట. ఆ తర్వాత, వేరే వెబినార్లలో ఎప్పుడూ సగం మంది మధ్యలోనే జారుకునేవారు, ఈసారి ఒక్కరూ కదల్లేదేమని అడిగారట. ఇక మీదట ఆమెనే చెప్పమన్నారట. నవోమి సంతోషంతో అన్న ‘సరేనండీ’ గదంతా మోగింది. ఈ అద్దాల గది ఆమెకే ఉంచేస్తానని మధుబాబు దర్జాగా అన్నాడు. వద్దండీ, ఇంటి నుంచే చెబుతానంది.

“అక్కడ లారీలు కదా నవోమి గారూ?”

“మీ హెడ్‌సెట్ మంచిదే, వాళ్లకు వినబడవు. నాకు వినబడితే చాలు.”