కొత్త బండి, చెంబెడు నీళ్లు

బండి మంచిదో కాదో తేల్చడానికి రాజలింగం చెంబెడు నీళ్లు అడిగేవాడు. ఇత్తడి చెంబును మెడదాకా నింపి, వెనక సీటు ముందు రెండు తువ్వాళ్ల మధ్య కదలకుండా నిలబెట్టి, పది మైళ్లు తిప్పి తెచ్చేవాడు. తిరిగొచ్చాక వేలు ముంచి చూసేవాడు. నీళ్లు ఎంత తగ్గితే బండి అంత మొరటుదన్నమాట. జగిత్యాలలో పాత జీపు కొనేవాళ్లు చాలామంది ఆయన వేలి మాట మీదే కొన్నారు.

ఆయనది సారంగాపూర్. రెండెకరాల మెట్ట చెలక ఉన్న ఇల్లు. పదిహేడో ఏట తునికాకు లారీలో క్లీనరుగా చేరి స్టీరింగు పట్టాడు. మేము బీర్పూర్ వదిలి జగిత్యాలకు వచ్చేసిన ఏడాది మా ఇంట్లో డ్రైవరుగా కుదిరాడు. మా ఆయన అన్న, మా బావగారు సుధాకర్ రావు అప్పుడే రైసుమిల్లు పెట్టారు. ఊళ్లో భూములున్నాయి గానీ దున్నేవాళ్లు లేరు. వాటిలో అడవి అన్నలు పాతిన ఎర్రజెండాలున్నాయి. మా మగవాళ్లు ఎవరూ ఆ దిక్కు పోయేవాళ్లు కారు. ఏదైనా పనుంటే రాజలింగమే పోయి వచ్చేవాడు.

ఆ దారిలో బండి నడపడానికి ఒక పద్ధతి ఉండేది. ఎవరూ రాసిపెట్టింది కాదు. ఊరి పొలిమేరలో జీపు పరదాలు పైకి చుట్టాలి. వేగం తగ్గించాలి. లోపల ఎవరున్నారో దూరం నుంచే అందరికీ కనబడాలి, అడవి దిక్కునుంచి చూసేవాళ్లకూ, తుపాకులు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డవాళ్లకూ. హారన్ కూడా ఎవరిది వాళ్లదే. రాజలింగానిది రెండు పొట్టి, ఒకటి పొడుగు. ఇక మా పాత జీపు సంగతి చెప్పనక్కర్లేదు. సైలెన్సరు ఎన్నిసార్లు అతికించినా మళ్లీ ఊడేది. బీర్పూర్‌లో సత్యవ్వ అనే ముసలామె, "నీ బండి గొంతు మా బర్రెకు గూడ ఎర్కే రాజలింగం, నువ్వు అచ్చేదాక పాలియ్యది" అని ఎగతాళి చేసేదట. ఆ మాట చెప్పుకుని తనే నవ్వేవాడు.

తొంభై రెండు మాఘమాసంలో బావగారికి కొత్త బండి మీద మనసు పడింది. పాత జీపునే కంపెనీవాళ్లు కొత్తగా మలిచి తెచ్చారు. గుడ్డ టాపు పోయి ఇనుప టాపు వచ్చింది. పరదాల చోట నల్లద్దాలు. చల్లగాలి మిషను, పాటల టేపు, మనిషి కాళ్లు చాపి పడుకోగలిగేంత వెనక సీటు. బురదలో ఇరుక్కుంటే నాలుగు చక్రాలూ కలిసి లాగే గేరు అలాగే ఉంచారు. కరీంనగర్‌లో బండ్లమ్మే ఆయన, నాలుగు రోజులు నడిపి చూసుకోమని ఒకటి మా వాకిట్లో వదిలిపోయాడు.

"నాలుగు దినాలు నీ చేతిలనే పెడుతున్న," అన్నారు బావగారు రాజలింగంతో. "మంచిగుంటె మంచిగున్నదను, లేకుంటె లేదను. మొఖమాటం వద్దు."

రాజలింగం సీటు మీద అరచెయ్యి ఆనించి నొక్కి చూశాడు. "గిది బండి గాదు దొరా, మంచం. కూసుంటె లేవబుద్ధి అయితలేదు."

మొదటి రోజు కోరుట్ల పోయి వచ్చారు. చెంబులో నీళ్లు తొణికిన జాడ లేదు. "తారు రోడ్డు గద, ఇప్పుడే చెప్పద్దు," అన్నాడు. రెండో రోజు మా తోటికోడలు అక్కయ్యను తీసుకుని సిరిసిల్ల పోయాడు. నడుము నొప్పితో పాత జీపు ఎక్కడానికే భయపడే మనిషి, దారంతా నిద్రపోయి వచ్చింది. ఆ సాయంత్రం రాజలింగం చెంబును మూడు చోట్ల మార్చి చూసి, వాకిట్లో నిలబడి తేల్చాడు.

"ఇంజను మంచిది. బిరేకులు మంచియి. గుంతల వడ్డా తెల్వది. ఒక్కటే చెడ్డది, సప్పుడు లేదు."

"సప్పుడు లేకుంటె చెడ్డదెట్లయితది?"

"మేకలు పక్కకు జరుగుతలెవ్వు దొరా. మీదికి పోయెదాక మనుషులకు తెల్వది. ఇంకోటి, గా నల్లద్దాలు. లోపల ఎవలున్నరో అవుపడది."

బావగారు చిన్నగా నవ్వారు. "ఈ దినాల్ల అవుపడకపోవుడే మంచిది, రాజలింగం. దానికోసమే కొనాలనుకుంటున్న."

రాజలింగం తువ్వాల భుజం మీద వేసుకుని, "ఎవలి పానం వాల్లది," అని మాత్రం గొణిగాడు. పక్కనున్న నాకు వినబడింది.

ఆయనకు ఒక్కతే బిడ్డ, ఊర్మిల. తల్లి చిన్నప్పుడే పోతే మా పెరట్లోనే పెరిగింది. నేను చదివే పుస్తకాలకు అట్టలు వేసిపెట్టేది. బీర్పూర్‌లో జలపతి అనే పిల్లవాడికిచ్చి చేశారు. అతను దుబాయిలో పనిచేసేవాడు. ఎండాకాలంలో సెలవు మీద వచ్చి పోయాడు. ఊర్మిలకు ఎనిమిదో నెల నడుస్తున్నది. అయితే ఆ ఇంటికి ఒక పీడ పట్టుకుంది. ఊళ్లో కనిపించని మగపిల్లల జాబితా ఒకటి పోలీసు స్టేషన్లో రాసుకున్నారు. అందులో జలపతి పేరు కూడా ఉంది. ఖాకీ బట్టలవాళ్లు రెండుసార్లు బండేసుకుని వచ్చి, "మీవోడు దుబాయ్ పోయిండా, అడివికి పోయిండా?" అని అత్తాకోడళ్లను ఇద్దరినీ గడప ముందు ఎండలో నిలబెట్టారు. విదేశీ స్టాంపులున్న ఉత్తరాలు చూపించినా నమ్మలేదు.

మూడో రోజు పొద్దున ఎనిమిది గంటలకు భూమయ్య అనే పాలమనిషి మోపెడ్ మీద వచ్చాడు. ఊపిరి అందక, మోపెడ్ స్టాండు కూడా వేయకుండానే చెప్పాడు.

"ఊర్మిలకు తెల్లారంగనే నొప్పులచ్చినయ్ రాజలింగం. పిల్ల అడ్డం తిరిగిందంటున్నది మంత్రసాని. నాతోని కాదు, జల్ది జగిత్యాల దవఖానకు కొంచబొమ్మన్నది. బస్సు సారంగాపూర్ దాటి అస్తనే లేదాయె."

అన్నలు కల్వర్టు పేల్చినప్పటి నుంచి బస్సు రావడం లేదు, జీపులే పక్కన దిగి పోయేవి. బావగారు మిల్లుకు వెళ్లారు. వాకిట్లో రెండు బండ్లున్నాయి. రాజలింగం రెండింటి మధ్య నిలబడిపోయాడు.

"పాతదాంట్ల పోతె ఊరంత ఎదురొస్తది. పిల్లను సేతుల మీద ఎక్కిస్తరు," అన్నాడు తనలో తనే. "గని గా మొరం రోడ్డు మీద ఇనుప తక్తల కూసుండవెట్టి ఎట్ల తేవాలె? ఆ ఎత్తేసుడుకే పానం పోతది."

కొత్త బండి తలుపు తీసి చూశాడు. నిన్నటి చెంబు తువ్వాళ్ల మధ్య అలాగే ఉంది. వేలు ముంచాడు.

"కొత్తదే తియ్యి," అన్నాను. "నేను కూడా వస్తున్న."

"దొర ఏమంటడో."

"నేను చెప్త. నువ్వు తియ్యి."

సారంగాపూర్ దాకా రోడ్డు బాగానే ఉంది. అక్కడ అద్దాలన్నీ దించాడు. మొరం రోడ్డు మొదలవగానే ఎర్ర దుమ్ము లోపలికి కమ్మింది. నాకు ఉబ్బసం. దగ్గు ఆగలేదు. ఆయన అద్దంలో నన్ను చూసి, నేనేమీ అడగకుండానే అద్దాలన్నీ పైకెక్కించి చల్లగాలి వేశాడు.

"ఊరు రాంగనే దించుత," అన్నాడు.

దించలేదు. పన్నెండేళ్లు ఒక్కనాడు కూడా తప్పని మనిషి ఆ రోజు మరిచాడు. నాకూ గుర్తు రాలేదు. గుంతలన్నీ ఎటో పోతున్నట్టుగా బండి తేలుతూ పోతోంది. పొలిమేర ఎప్పుడు దాటామో నాకు తెలియలేదు.

హారన్ మాత్రం కొట్టాడు. రెండు పొట్టి, ఒకటి పొడుగు. అది మా జీపు గొంతు కాదు. రెండు స్వరాలతో సర్కారు బండిలా మోగింది.

ఊళ్లోకి పోయేసరికి వీధిలో మనిషి లేడు. ఒక తలుపు మూసుకోవడం చూశాను, అంతే. ఊర్మిల అత్తగారిల్లు తెరిచే ఉంది. పొయ్యి మీద నీళ్లు మసులుతున్నాయి. నులకమంచం మీద తడిసిన పాత చీర. మనుషులు లేరు. పెరటి కంప తలుపు బార్లా తీసి ఉంది.

రాజలింగానికి అప్పుడు కూడా అర్థం కాలేదు. "ఏడికి పోయిన్రు?" అని నన్నే అడిగాడు. తరువాత వీధిలోకి వచ్చి బండి ఎక్కి హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. వినబడితే వస్తారనుకున్నాడు. ఎంతసేపు కొట్టాడో చెప్పలేను. పావుగంట కావచ్చు.

ఎదురింటి అరుగు మీద ఏదో కదిలింది. సత్యవ్వ. పరుగెత్తలేని మనిషి గనక ఆమె ఒక్కతే మిగిలింది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నది. రాజలింగం దిగి "అవ్వా" అనగానే ఆమె గొంతు గుర్తుపట్టింది.

"నువ్వారా? నువ్వా గిది? పోలీసోల్లనుకున్నరు బిడ్డా. జలపతి కోసం మల్లచ్చిన్రని పిల్లను మోసుకొని మక్కచేన్లవడ్డరు. నువ్వు గా పీపీ ఊదవట్టిన కొద్దీ ఇంకా అవుతలికే పోతుంటరు."

ఆయన పెరట్లోంచి చేలోకి పరుగెత్తాడు. నేనూ వెనకే పోయాను.

మక్కచేను తలపైకి ఉంది. నాలుగడుగులు వేస్తే వెనక దారి కనబడదు. ఆకులు చెంపలు కోస్తున్నాయి. "ఊర్మిలా, నేనే, బాపును" అని అరుస్తూ ఆయన ముందు పోతున్నాడు. బదులు లేదు. నేను ఒకచోట దగ్గుతో కూలబడ్డాను. లేచి, ఆయన గొంతు వినబడిన వైపు పోయాను. ఆ చేను దాటితే ఇంకో చేను. దాని అవతల కాలువ గట్టు. గట్టు పక్క పల్లంలో వాళ్లు దొరికేసరికి ఎండ నడినెత్తికి దగ్గరయింది.

మక్కకంకులు నింపే సంచుల మీద ఊర్మిల పడుకుని ఉంది. బుచ్చవ్వ, ఆమె అత్త, కోడలి నోటి మీద చెయ్యి అదిమి పెట్టుకుని కూర్చుంది, మూలుగు బయటికి పోకుండా. మమ్మల్ని చూశాక కూడా ఆ చెయ్యి తీయడానికి ఆమెకు కొంతసేపు పట్టింది.

"నీ బండి సప్పుడు కాదాయె అన్నా," అన్నది. "నీ బండి సప్పుడే కాదాయె. నేనేం జేద్దును?"

రాజలింగం బిడ్డను రెండు చేతుల మీద ఎత్తుకుని రెండు చేలూ దాటాడు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. ఎక్కడా దించలేదు.

వెనక సీటు మీద పడుకోబెట్టాక, తల నేను ఒళ్లో పెట్టుకున్నాను, బుచ్చవ్వ ముందు ఎక్కింది. అద్దాలన్నీ దించాడు. ఇప్పుడు వీధి నిండా జనం. తలుపులు తెరిచి బయటికి వచ్చి నిలబడ్డారు. ఎవరో ఒకామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. బండి కదిలింది. అదే మొరం రోడ్డు, అవే గుంతలు. ఒక్క కుదుపు లేదు. కొంత దూరం పోయాక ఊర్మిల కళ్లు తెరిచింది.

"బాపూ, బండి ఎందుకాపినవే? పోదాం పా."

"పోతనే ఉన్నం బిడ్డా," అన్నాడు. "పోతనే ఉన్నం."

ఆమెకు నమ్మకం కలగలేదు. రెండుసార్లు అడిగింది. ఆయన రెండుసార్లూ అదే మాట చెప్పాడు. మూడోసారి అడగలేదు.

దవఖానలో నర్సు, "నొప్పులు ఎప్పుడు మొదలైనయ్?" అని అడిగి రాసుకుంది. "మరి ఇంతసేపు ఏడున్నరు?" అని అడిగింది. మగపిల్లవాడు. ఏడవలేదు. తెల్లగుడ్డలో చుట్టి బుచ్చవ్వ చేతికిచ్చారు. ఊర్మిల బతికింది. గర్భసంచి తీసేయకుంటే ఆ పిల్ల కూడా దక్కదన్నారు, తీసేశారు.

సాయంత్రం నేను బయటికి వచ్చి చూస్తే, రాజలింగం బండి వెనక తలుపు తీసి నిలబడి ఉన్నాడు. సీటంతా నెత్తురు. తువ్వాళ్ల మధ్య చెంబు అలాగే ఉంది. నీళ్లు మెడదాకా ఉన్నాయి. ఆయన దాన్ని తీసుకుని కొంచెం కొంచెంగా పోస్తూ సీటు కడిగాడు. చెంబు ఖాళీ అయ్యాక కూడా చేత్తో రుద్దుతూనే ఉన్నాడు.

నాలుగో రోజు బండ్లమ్మే ఆయన వచ్చాడు. బావగారు రాజలింగాన్ని పిలిపించారు. అడగడానికి ఆయనకే ఇబ్బందిగా ఉంది. "బండి సంగతి తరువాత చూద్దాం తియ్యి," అన్నారు.

"చెప్పుమన్నరు గద దొరా," అన్నాడు రాజలింగం. "మంచి బండి. గుంతలు తెల్వయి. సప్పుడు లేదు. లోపల ఎవలున్నరో పక్కోనికి తెల్వది. మీరు కోరిన బండి గిదే. తీసుకోన్రి. నడిపెటోన్ని వేరే సూసుకోన్రి."

బావగారు ఆ బండి కొన్నారు. తలవంచుకునే కొన్నారు గానీ, కొన్నారు. పాత జీపును రాజలింగానికి ఇచ్చేశారు. సారంగాపూర్ రోడ్డు మీద దాన్ని మనుషులను చేరవేసే బండిగా నడిపాడు. ఊర్మిల పుట్టింటికి వచ్చేసింది. జలపతి ఆమె దగ్గరికి మళ్లీ రాలేదు. దుబాయి నుంచి వచ్చాడనీ, కోరుట్లలో వేరే పెళ్లి చేసుకున్నాడనీ తరువాత విన్నాం. ఆమె తండ్రి ఇంటి అరుగు మీద బీడీలు చుట్టేది. నేను పంపిన పుస్తకాలు చదవలేదు. అట్టలు మాత్రం వేసి పంపించేది.

"కొత్తదే తియ్యి" అన్నది నేను. ఆ మాట రాజలింగం ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

చాలా ఏళ్ల తరువాత, ఆ భయాలన్నీ సద్దుమణిగాక, ధర్మపురి బస్సు తప్పిపోయి ఒకసారి ఆ జీపు ఎక్కాను. నన్ను చూసి ముందు సీటు తుడిచి ఇచ్చాడు. దారిలో వాన పట్టుకుంది. పరదాలు పైకి చుట్టే ఉన్నాయి. జల్లు నేరుగా మా మీదికి కొడుతోంది. వెనకనున్న ఒకామె విసుక్కుంది.

"పరదా దించరాదె రాజలింగం, ఉతికిన బట్టలోలె అయినం."

"మొఖాలు అవుపడాలె చెల్లె," అన్నాడు.

"ఎవలకు? ఇప్పుడెవలున్నరని?"

ముందు ఊరు వస్తోంది. ఆయన వేగం తగ్గించి హారన్ కొట్టాడు, రెండు పొట్టి, ఒకటి పొడుగు. నేను కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకున్నాను. మళ్లీ తడిశాయి.