నాలుగు కిలోల కుంపటి

మంచు కురిసే ఊళ్ళలో నేను చలికి పెద్దగా బాధపడింది లేదు. అక్కడివాళ్ళకు చలంటే భయం. గోడలు మందంగా కడతారు, తలుపు వేయడం మరిచిపోతే ఇంటికొచ్చిన చుట్టాన్నైనా కసురుతారు. నన్ను వణికించినవన్నీ ‘మాకు చలేమిటండీ’ అనే ఊళ్ళే. అలాంటి ఒక సముద్రపు ఊళ్ళో, స్కూబా డైవింగ్ దుకాణం పైగదిలో, వరసగా మూడు చలికాలాలు అద్దెకున్నాను. కుంపటి పరిచయమైంది అక్కడే.

కుంపటి అంటే మనిషి. యాభై ఎనిమిదేళ్ళవాడు, బక్కపలచన. జనాన్ని సముద్రం అడుక్కి తీసుకెళ్ళి, చేపల్ని చూపించి, తీసుకెళ్ళినంతమందినీ వెనక్కి తేవడం ఇరవై మూడేళ్ళుగా అతని పని. నడి చలికాలంలో కూడా వేసవి సూటే వేసుకునేవాడు, కాగితంలా పలచనిది, మోచేతుల దగ్గర మాసికలు పడ్డది. “ఈయన కడుపులో కుంపటుందయ్యా” అని ఎప్పుడో ఎవరో అన్నారు. అదే పేరైపోయింది. పెళ్ళాం కూడా అలాగే పిలిచేది, కాకపోతే పిలిచిన ప్రతిసారీ కాస్త నవ్వేది.

ఆ నీళ్ళు చలికాలంలో ఇరవై ఒక్క డిగ్రీలుంటాయి. గదిలో అంత ఉంటే చొక్కా గుండీలు విప్పుకుని కూర్చుంటాం. నీళ్ళ సంగతి వేరు. గాలికన్నా ఇరవై రెట్ల పైచిలుకు వేగంతో ఒంట్లో వేడిని లాగేస్తాయి, అదీ ఎంతో మర్యాదగా. మొదటి పది నిమిషాలూ హాయి. ఇరవయ్యో నిమిషానికి చేపల అందం కొంచెం తగ్గుతుంది. నలభయ్యో నిమిషానికి ఏ చేప ఎదురొచ్చినా ఒకటే, ఒడ్డున వేడివేడిగా ఏం తాగుదామన్నదే ఆలోచన.

దుకాణం అతని బావమరిదిది. లోపలి గోడకు వరసగా కొక్కేలు. ఒక్కో కొక్కేనికి ఒక గైడు నడుం బెల్టు, బెల్టుకు సీసం దిమ్మలు, పైన తెల్ల రంగుతో కిలోల అంకె. రబ్బరు సూటు మనిషిని తేల్చేస్తుంది కనుక, మునగాలంటే సీసం కట్టుకోవాలి. సూటు ఎంత మందమైతే సీసం అంత ఎక్కువ. మిగతా గైడ్లవి ఏడూ, ఎనిమిదీ. కుంపటిది నాలుగు. కొత్తవాళ్ళొస్తే ఆ అంకె కనపడేలా గోడ పక్కనే నిలబడి మాట్లాడేవాడు. నేనూ అప్పుడప్పుడు వాళ్ళతో దిగేవాణ్ణి. నాది ఎనిమిది, అందులో రెండు అనవసరం. “పెద్దాయనా, ఆ రెండూ సీసం కాదు, మీ ధైర్యం. తీసెయ్యండి” అని మూడేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. నేను తీయలేదు.

రెండో చలికాలం చివర్లో ఒకరోజు అతను నీలం పెదాలతో పైకొచ్చి, “అందరూ బాగున్నారా” అని అడగబోయి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. బావమరిది అది మరిచిపోలేదు. మూడో ఏడు చలి మొదలవుతుండగా కదిపాడు.

“బావా, ఈసారికి నువ్వు సిలిండర్లలో గాలి నింపే గదిలో కూర్చో. మిషను పక్కన వెచ్చగా ఉంటుంది.”

“ఇరవై మూడేళ్ళు సముద్రంలో తిరిగినోణ్ణి గాలి కొట్టుకోమంటావా?”

“నువ్వే కొయ్యబారిపోతే నీ వెనకొచ్చినోళ్ళ గతేంటి? పోయినేడాది ‘అం’ దగ్గరే ఆగిపోయావు.”

“తుమ్మొచ్చింది.”

“అయిదు నిమిషాల తుమ్మా బావా?”

చివరికి ఒప్పందం కుదిరింది. ఈ చలికాలపు మొదటి పడవలో కుంపటి వెళ్తాడు, బావమరిది కూడా వెళ్తాడు. యాభై నిమిషాలు వణక్కుండా ఉంటే సముద్రం అతనిదే. వణికితే గాలి గది, ఇక మాట్లాడేది లేదు.

అతని భార్య దుకాణం వెనక గదిలో చిరిగిన సూట్లకు జిగురు పెట్టి మాసికలు వేసేది. ఆ గదిలో జరిగింది తర్వాత నాకు చెప్పింది ఆవిడే. “లోకానికి కుంపటేమో అన్నయ్యగారూ, ఆ పాదాలెంత చల్లగా ఉంటాయో నాకు తెలుసు” అంది. రెండు పాత మందపు సూట్లు కత్తిరించి, లోపల వేసుకోవడానికి చేతుల్లేని బనీను కుట్టింది. పైకి కనపడదు. “రెండు కిలోలు ఎక్కువ కట్టుకో, లేకపోతే తేలిపోతావు” అని రెండుసార్లు చెప్పింది.

కట్టుకుందామనే వచ్చాడు పాపం. తీరా చూస్తే బావమరిది కొక్కేల గోడ ముందే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కుంపటి ఆరు కిలోలు అడిగితే దొరికిపోయినట్టే. “ఎప్పటిదే” అంటూ నాలుగు కిలోల బెల్టు తీసుకుని, ఎవరి వంకా చూడకుండా పడవెక్కాడు.

పడవలో నేను, ఒక పళ్ళ డాక్టరు, కొత్తగా పెళ్ళైన జంట. కుంపటి ఫ్లాస్కులోంచి గోరువెచ్చని నీళ్ళు మా సూట్ల మెడల్లోకి పోశాడు. ఆ నీళ్ళు ఒంటికీ రబ్బరుకీ మధ్య నిలిస్తే కాసేపు వెచ్చదనం. తను మాత్రం పోసుకోలేదు. “ఇవేం చలి నీళ్ళండీ” అన్నాడు. ఆ మాట విని డాక్టరు తన రబ్బరు టోపీని సిగ్గుపడుతూ సంచిలో పెట్టేశాడు. బావమరిది కూడా పంతానికి పలచని సూటే తొడిగి, మాకు కాపలాగా పడవలోనే నిలబడ్డాడు.

కుంపటి బొటనవేలు కిందికి చూపించాడు. మేము నలుగురం దిగాం. ఆరు మీటర్ల లోతులో తలెత్తి చూస్తే పైన రెండు కాళ్ళు తన్నుకుంటున్నాయి. గైడు రాకపోతే వెనక్కొచ్చేయమని నేర్పింది అతనే గనక అందరం పైకొచ్చాం. అతను తలకిందులుగా మునగబోతున్నాడు. నడుం దాకా వెళ్ళడం, బెండులా తిరిగి పైకి రావడం.

“ఏంటి బావా, దిగవా?”

“అల చూస్తున్నా.”

“తల నీళ్ళలో పెట్టి కాళ్ళతో చూస్తున్నావా?”

కొత్త పెళ్ళికొడుకు, ఇది కూడా పాఠంలో భాగమేమో అని తనూ ఒకసారి తలకిందులయ్యాడు. కుంపటి ఈదుకుంటూ నా పక్కకొచ్చాడు. ముఖంలో గాలి గది కనిపిస్తోంది.

“పెద్దాయనా,” అన్నాడు గొంతు తగ్గించి, “మీ ధైర్యం కాస్త ఇస్తారా?”

నీళ్ళ కిందనుంచే రెండు కిలోల దిమ్మ అతని చేతిలో పెట్టాను. జేబులో వేసుకుని రాయిలా మునిగాడు. బావమరిదికి అనుమానం తగిలి, తనూ దూకి మా వెనకే వచ్చాడు.

పదిహేనో నిమిషానికి పెళ్ళికూతురు మొగుడి చెయ్యి పట్టుకుంది. ముప్పయ్యో నిమిషానికి, ప్రేమ సంగతి పక్కన పెట్టి, ఎవరి చేతులు వాళ్ళు చంకల్లో పెట్టుకున్నారు. నలభయ్యో నిమిషానికి బావమరిది దవడ కొట్టుకుంటుంటే నోట్లో గాలి గొట్టం నిలవక చేత్తో పట్టుకున్నాడు. కుంపటి మాత్రం ఒక రాతి సందులో ఉన్న పీతను తీరుబడిగా చూపించి, దాని చుట్టూ మమ్మల్ని ఇంకో ప్రదక్షిణ చేయించాడు. యాభై రెండు నిమిషాలు.

పైకొచ్చాక బావమరిది నిచ్చెన ఎక్కలేకపోయాడు. కుంపటి నడుం పట్టి లేపాడు. ఆ వెచ్చదనానికి అతను రెండు చేతులా బావను వాటేసుకుని వదల్లేదు. కాసేపటికి, “బ-బ-బావా, నీకు ఒళ్ళొచ్చిందా?” అంటూ వీపు మీది జిప్పు లాగాడు. బనీను బయటపడింది.

దుకాణంలో పంచాయితీ. “ఇది మోసం అక్కా” అన్నాడు బావమరిది దుప్పట్లోంచి.

“వణక్కూడదన్నావు. తొడుక్కోకూడదన్నావా?” అందావిడ సూదిలో దారం ఎక్కిస్తూ.

కుంపటి బల్ల మీద కూర్చుని పాదాలు రుద్దుకుంటున్నాడు. “ఈ పనిలోకొచ్చిన నాలుగో ఏటినుంచీ చలేస్తోందిరా,” అన్నాడు నెమ్మదిగా. “పేరు పడిపోయింది. ఏం చెయ్యను.”

పళ్ళ డాక్టరు సంచిలోంచి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “ఆ ముక్క పొద్దున్నే చెప్పుంటే నేనిది పెట్టుకునేవాణ్ణి కదండీ.” అతని పళ్ళు ఇంకా టకటకమంటూనే ఉన్నాయి.

బావమరిది చాలాసేపు టోపీనీ, బావనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత దుప్పటితోనే లేచి రంగు డబ్బా తెచ్చి బావ చేతిలో పెట్టాడు. “అంకె మార్చు. పడవలో నిజం చెప్పాలి, అది నా షరతు. అక్కా, నాక్కూడా ఒకటి కుట్టు. పొడుగు చేతులవి.”

మర్నాడు పడవలో కుంపటి లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు. “నీళ్ళు చల్లగా ఉంటాయి. నాకే చలేస్తుంది” అన్నాడు. ఒక్క క్షణంలో పడవలో ఉన్న టోపీలన్నీ తలలకెక్కాయి. ఆ గౌరవం చూసి అతను కొంచెం పొడుగైనట్టు నాకనిపించింది.

కొక్కెం మీద నాలుగు కొట్టేసి ఆరు వేసుకున్నాడు. నా రెండు కిలోలు మాత్రం తిరిగివ్వలేదు. అడిగితే, “ఆ రోజు మీరు మునగలేదా?” అన్నాడు.

మునిగాను. నిజమే.