నడుము ఫోటో

దీవెన రోజూ తిరుమలగిరి నుంచి బస్సులో సూర్యాపేటకు వచ్చి, ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబులో చేపల తొట్లు కడుగుతుంది. ఇప్పుడు ఆమెకు ఏడో నెల.

ఆ రోజు ల్యాబులో చేపల మీద పరిశోధన చేసే ప్రత్యూష మేడమ్ మైక్రోస్కోపు ముందు కూర్చుని ఆమెను సంతోషంగా పిలిచింది. పక్కపక్కనే రెండు గాజు పళ్ళేలలో ఒకే రోజు పెట్టిన చేపగుడ్లున్నాయి. ఒకదాంట్లో చేపపిల్లలు ఇంకా గుడ్లలోనే ముడుచుకుని ఉన్నాయి. రెండోదాంట్లోవి అప్పుడే బయటపడి నీళ్లలో కొట్టుకుంటున్నాయి.

“ఇవెందుకు ముందుగాల్నే వచ్చినయ్ మేడమ్?”

“వీటికి ఎక్స్‌రే ఇచ్చినం. చిన్న డోసే. దవాఖానాలో ఎముకలకు ఫోటో తీస్తరు చూడు, అదే.”

దీవెన చేతిలోని బకెట్ కింద పెట్టేసింది. ఆర్నెల్ల కింద బస్సు మెట్ల మీద జారిపడినప్పుడు దవాఖానాలో ఆమె నడుముకు ఫోటో తీశారు. అప్పటికి తాను కడుపుతో ఉన్నట్టు ఆమెకే తెలియదు. తర్వాత కడుపు పరీక్షకు వెళ్తే నర్సమ్మ “ఎక్స్‌రే గిట్ల తీయించుకున్నవా?” అని అడిగితే లేదని చెప్పింది. వాళ్ల ఊళ్లో అందరూ దాన్ని ఫోటో అనే అంటారు. ఫోటో అంటే ఎవరికి భయం?

“మనుషులకు గూడ గిట్లనే అయితదా మేడమ్?”

“చేపల సంగతే ఇంకా సరిగ్గ తెలవదు. మనుషుల గురించి ఏం చెప్తం?” మేడమ్ మైక్రోస్కోపు మీంచి కళ్లు తీయలేదు.

కడుపులో బిడ్డ గట్టిగా తన్నింది. ఎప్పుడూ ఆ తన్నుకు నవ్వుకునే దీవెన, ఈసారి రెండు చేతులతో పొట్టను పట్టుకుంది.

“జర ఆగు బిడ్డా,” అంది మెల్లగా. “అప్పుడే రాకు.”