పోపుల పెట్టెలో పన్నెండో నంబరు

వోల్ఫ్స్‌బర్గ్ అనే జర్మనీ ఊరు మొత్తానికి అనుమానం మనిషి ఎవరంటే గోవిందరాజులే. ఫ్రిజ్ తలుపు మూశాక లోపలి దీపం నిజంగా ఆరుతుందో లేదో తేల్చుకోవడానికి ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, దాన్ని పెరుగు గిన్నె పక్కన నిలబెట్టి తలుపు మూసినవాడు. దీపం ఆరింది. ఫోన్ చూస్తోందని మొహమాటానికి ఆరిందేమోనని ఇంకో రెండు రోజులు ఆలోచించాడు.

అతని ఉద్యోగం కూడా అలాంటిదే. కార్లలో సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. బ్రేక్ తొక్కితే బండి ఆగుతుందని ఎవరైనా చెబితే, నిజమేనా అని అడిగినందుకు అతనికి జీతం.

కరోనా వచ్చిన ఏడాది సెప్టెంబరులో, ఊరు వదిలి వెళ్తున్న స్నేహితుడి దగ్గర నుంచి ఒక పూడుల్ కుక్క వాళ్ళింటికి చేరింది. బంగారు రంగు, ఉంగరాల బొచ్చు. గోవిందరాజులు భార్య ఆండాళ్ దానికి బూరె అని పేరు పెట్టింది. అతను పడగ్గదిలో తలుపేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆఫీసు పని చేసుకుంటుంటే, పగలంతా ఆమె మాటలు విన్నది బూరె ఒక్కతే.

ఇంటి యజమానురాలు ఫ్రావ్ క్రూగర్ భర్తతో కింది అంతస్తులో ఉంటుంది. కుక్కకి ఆరు నెలలే పర్మిషన్ ఇచ్చింది. ఈలోగా మెట్ల మీద ఒక్క వెంట్రుక కనిపించినా బూరె టియర్‌హైమ్‌కి, అదే, దిక్కులేని జంతువులుండే చోటికి వెళ్ళాల్సిందేనంది.

ఇల్లేమో నలభై రెండు చదరపు మీటర్లు. కుక్క సామాను పెట్టడానికి గోవిందరాజులు తన కార్ల ఫ్యాక్టరీ పద్ధతి పట్టుకొచ్చాడు. అక్కడ పనిముట్లు తగిలించే పలక మీద ఒక్కోదాని ఆకారం గీసి ఉంటుంది, ఏది లేకపోయినా ఇట్టే తెలిసిపోతుంది. అలాంటి పలకే బాత్రూమ్ తలుపు వెనక బిగించి, బ్రష్షు, స్టీలు దువ్వెన, గోళ్ళ కత్తెర, ట్రిమ్మరు, అన్నిటి చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో గీతలు గీశాడు. ట్రిమ్మరుకు తగిలించే ప్లాస్టిక్ దువ్వెన ముక్కలకి ఆండాళ్ పాత పోపుల పెట్టె ఇచ్చింది. ఆవాల గిన్నెలో మూడు మిల్లీమీటర్లది, మినప్పప్పు గిన్నెలో ఆరుది, అలా వరసగా. బూరెకి వాడేది తొమ్మిదే. మిగతావి కొన్న రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

ఫిబ్రవరిలో ఒక రోజు పన్నెండో నంబరు ముక్క మెంతుల గిన్నెలోంచి జీలకర్ర గిన్నెలోకి మారింది.

అప్పటికి సెలూన్లు మూతపడి రెండు నెలలు. ఊళ్ళో మగవాళ్ళ జుట్టు ఎంత పెరిగిందంటే, ఉత్తరాలిచ్చే మనిషి తలలో పిట్ట గూడు పెట్టిందని, పిల్లలు ఎగిరేదాకా అతను సైకిల్ మెల్లగా తొక్కాడని చెప్పుకున్నారు. ఇళ్ళలో బయటివాళ్ళకి కటింగ్ చేసినా ఫైన్ వేస్తారని తెలుగువాళ్ళ గ్రూపుల్లో మెసేజీలు తిరిగాయి.

గోవిందరాజులు ఆండాళ్‌ని అడగలేదు. అడిగితే జాగ్రత్త పడుతుంది. కనిపెట్టి చూశాడు. ఆ గురువారం ట్రిమ్మరు గీత దాటి అర అంగుళం పక్కకు ఉంది. బాత్రూమ్‌లో తనది కాని కొలోన్ వాసన. ఎవరో వస్తున్నారు. తనకి మూడింటికి మీటింగున్న సమయం చూసుకుని వస్తున్నారు. వచ్చినవాడిని చూసి బూరె మొరగడం లేదంటే ఇది మొదటిసారి కాదు. ఆ రాత్రి అన్నంలో చారు పోసుకోవడం కూడా మరిచిపోయాడు.

మర్నాడు ఫ్రావ్ క్రూగర్ నుంచి ఉత్తరం. మీ రెండో అంతస్తు మెట్ల మీద వెంట్రుకలు దొరికాయి, కొన్ని జత చేశాను, సోమవారం వచ్చి చూసి కుక్క సంగతి తేలుస్తాను అని. గోవిందరాజులు ఆ వెంట్రుకల్ని తెల్ల కాగితం మీద పరిచి ఫోన్ లైటు వేశాడు. ఉంగరాలు లేవు. తిన్నగా ఉన్నాయి. ఒక కొన నలుపు, ఇంకో కొన తెలుపు.

పోపుల పెట్టె తెచ్చి ఆండాళ్ ముందు పెట్టాడు.

"పన్నెండో నంబరు ఎవరికి?"

ఆండాళ్ గరిటె కింద పెట్టింది. "కింద తాతగారికండీ."

తాతగారంటే హెర్ క్రూగర్. డెబ్భై ఏళ్ళు దాటినా జుట్టుకి నల్ల రంగు వేసుకునే మనిషి. జనవరిలో మెట్ల మీద ఆండాళ్ కనిపిస్తే, మెడ మీద పడుతున్న జుట్టు చూపించి బతిమాలాడట. బదులుగా బూరె గురించి భార్యకి నచ్చజెబుతానన్నాడట. ఇప్పటికి రెండుసార్లు అయింది. తనే అద్దంలో చూసి కత్తిరించుకున్నానని ఇంట్లో చెప్పుకున్నాడు. వీళ్ళ చెత్తబుట్టలో ఆనవాలు ఉండకూడదని, కత్తిరించిన జుట్టుని న్యూస్‌పేపర్లో చుట్టుకుని తనే కిందికి పట్టుకెళ్ళాడు. పొట్లం సరిగ్గా కట్టినట్టు లేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరే మున్సిపల్ ఆఫీసుకి ఫోన్ చేసి, రూల్ కరెక్టేనా అని అడుగుతారు."

అది నిజమే కాబట్టి గోవిందరాజులు పన్నెండో నంబరు తీసి మళ్ళీ మెంతుల గిన్నెలో పెట్టాడు. నిజం చెబితే ఫైన్ రావచ్చు, నమ్మి తల అప్పగించిన ముసలాయన పరువూ పోతుంది. చెప్పకపోతే బూరె పోతుంది. ఆయన పేరు మాత్రం ఎత్తవద్దని, మాటిచ్చానని ఆండాళ్ అంది. సోమవారం దాకా ఇద్దరూ అదే మాట తిప్పి తిప్పి మాట్లాడుకున్నారు.

ఫ్రావ్ క్రూగర్ మాస్కు పెట్టుకుని, చేతిలో కవరుతో వచ్చింది. సోఫా కింద చూసింది. బాత్రూమ్ పలక ముందు చాలాసేపు నిలబడి దువ్వెన పళ్ళ మధ్య వేలు పెట్టి చూసింది. ఏమీ దొరకలేదు.

"ఇంత శుభ్రంగా ఉంటే, హెర్ రాజులు, మెట్ల మీద ఇవి ఎవరివి?"

జీవితమంతా దొంగని పట్టుకోవాలని చూసిన మనిషి గోవిందరాజులు. ఇప్పుడు దొంగ పేరు నాలుక చివరనే ఉంది. ఆండాళ్ బూరెని గుండెకి హత్తుకుని అతని వంకే చూస్తోంది.

"ఇక్కడ వెలుతురు చాలదు," అన్నాడు. "కిటికీ దగ్గర చూడండి."

ఆవిడ ఒక వెంట్రుక తీసి వెలుగులో పట్టుకుంది. నల్ల కొన చూసింది. తెల్ల కొన చూసింది. ఎన్నో ఏళ్ళుగా దిండు మీద నుంచి ఏరుతున్న వెంట్రుకని ఆవిడ గుర్తుపట్టకుండా ఎలా ఉంటుంది? కవరు మడిచి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టేసుకుంది.

"ఇది కుక్కది కాదు," అంది. గడప దాటాక వెనక్కి తిరిగి ఆండాళ్ చేతుల వైపు చూసింది. "మెడ వెనక గీత అంత తిన్నగా మా ఆయనకెలా వచ్చిందా అని నేను అనుకుంటూనే ఉన్నాను."

మరునాడు ఉత్తరం వచ్చింది. మీరు ఈ ఇంట్లో ఉన్నంతకాలం కుక్క ఉండవచ్చు. కింద పెన్నుతో ఇంకో వాక్యం: గురువారం మూడు గంటలకు నాకు ఒక అపాయింట్‌మెంట్ దొరుకుతుందా?

గోవిందరాజులు దాన్ని నాలుగుసార్లు చదివాడు. "మనల్ని పట్టించడానికి వేసిన వల కావచ్చు."

"వలైతే నేను వెళ్ళి పడతాలెండి. మీరు మీటింగుకి పొండి."

గురువారం మూడింటికి పడగ్గదిలోకి వెళ్ళాడు. ఉత్తరం మీది సంతకాన్ని అద్దె కాగితం మీది సంతకంతో అక్షరం అక్షరం పోల్చి చూస్తూ కూర్చున్నాడు. బూరె వచ్చి అతని పాదం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. మీటింగు గంటన్నర సాగింది. కాలు తిమ్మిరెక్కింది, అయినా కదపలేదు.