హుసేనమ్మ నాలుగో మూల

పెద్దకడుబూరులో హుసేనమ్మ కుట్టిన బొంత మీదో కిందో నిద్రపోని మనిషిని చూపించమంటే, నిన్నగాక మొన్న బదిలీ మీద వచ్చిన ఉద్యోగిని చూపించాల్సిందే. కన్నడ సరిహద్దున ఉన్న హొళగుంద వైపు బొంతను కౌది అంటారు. ఆ వైపు పనికి పోయినప్పుడు హుసేనమ్మ కూడా కౌది అనేది. తిరిగి బస్సు దిగేసరికి అది మళ్ళీ బొంత అయిపోయేది.

ఆమె పనికి ఒక రాజ్యాంగం ఉంది. ఎక్కడా రాసి లేదు గనుక ఇంతవరకు ఎవరూ సవరించలేకపోయారు. బొంత కావలసినవాళ్ళ ఇంటికే పోయి కుట్టాలి. ఆ ఇంటి పాతచీరలే వాడాలి. కత్తెర పెట్టే ముందు ఒక్కో చీర గురించీ అడగాలి. ఏడ్చిన రోజున కట్టుకున్న చీర ఉంటే అది లోపలి పొరల్లోకి పోతుంది, ఒంటికి తగలకూడదు. అంచుల దగ్గర మొదలైన కుట్టు వరస వెంబడి వరసగా నడుమకు చేరుతుంది. మూడు మూలలు హుసేనమ్మ మూస్తుంది. నాలుగోది మూయదు. దారం ఎక్కించిన సూదిని అక్కడ గుచ్చి, నడుము పట్టుకుని లేచి, "ఇంగ మీ పని" అంటుంది. ఆ ఇంటి పెద్దామె వచ్చి, జొన్నరొట్టె తునక ఒకటి ఆ సందులో పెట్టి, ఏడు కుట్లు వేసి మూస్తుంది. బొంత కడుపు ఖాళీగా ఉంటే కప్పుకున్నవాళ్ళకు నిద్ర పట్టదు. దీన్ని నమ్మకం అనడం కూడా తప్పే. జొన్నరొట్టె గుండ్రంగా ఉంటుందన్నది ఎవరి నమ్మకం?

ఇంటింటికీ తిరగడమనే మొదటి నిబంధనను ఆమె మోకాళ్ళు రద్దు చేశాయి. మిగిలినవాటిని ఆదోని బజారులో తోపుడుబండ్ల మీద కుప్పలు పోసిన మెత్తటి రగ్గులు రద్దు చేశాయి. ఒక్కో రగ్గు మీద మనిషంత పులి. రెండు చలికాలాలు ఎవరూ పిలవలేదు. సూదులు దాచే వక్కాకు డబ్బా మూత తుప్పుపట్టి బిగుసుకుపోయింది.

"చేతులు ఊరికే ఉంటే నావి కానట్టుండాయి మ్మే" అంది హుసేనమ్మ ఒకరోజు కోడలితో.

కోడలు సంతోషిది తుగ్గలి. ఇంటర్ చదివింది. "ఇంటింటికీ నువ్వెందుకు పోవాల అత్తా? ఫోన్లో అంగడి పెడదాం. ఇండ్లే నీ దగ్గరికొస్తాయి" అంది.

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి బోరాలెత్తే కొడుకు ఈరేష్ ఈ మాట విని చాలాసేపు నవ్వినాడు. తర్వాత తీర్పు చెప్పినాడు. "రెండు నెలలు సూడండి. ఒక్క బొంతన్నా పోయి, పోయిన ఇంట్లోనే నిలబడితే అంగడి ఉంటాది. ఎనక్కొచ్చిందా, మూసేద్దాం. మాయమ్మను నగుబాటు సేయొద్దండి."

ఎమ్మిగనూరు బస్టాండు పక్కన సుధాకర్ నెట్ సెంటర్ ఉంది. కప్పుల మీద ఫొటోలు అచ్చువేసే బావమరిదికి అతనే ఆన్‌లైన్ దుకాణం పెట్టించినాడు గనుక, ఆ విద్యలో ఈ చుట్టుపక్కల అతను చెప్పిందే శాస్త్రం. హుసేనమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్యాను ఆమె వైపు తిప్పి, ముందు అందరికీ తెలిసిన మహా పెద్ద బజారు తెరిచినాడు.

"సరుకు పేరు బొంత. స్టాకెంత అమ్మా?"

"అంటే?"

"తయారుగా ఎన్నుండాయి?"

"ఒకటీ లేదు."

"ఒక ఫొటో అయినా పెట్టాల్నే."

"వాళ్ళ చీరలే రాలేదు, ఫొటో యాడ్నించి తెచ్చేది అప్పా?"

పెద్ద బజారు మూతపడింది. తర్వాత బావమరిది కప్పులమ్మే చోటు తెరిచినాడు. ఇక్కడ కొనేవాళ్ళు తమకు కావలసినట్టు మార్పించుకోవచ్చు. నమూనాకని సంతోషి ఫొటో ఎక్కించినాడు. తెర మీద తెల్లకప్పు ఒకసారి గుండ్రంగా తిరిగి, సంతోషి ముఖంతో నిలబడింది.

హుసేనమ్మ తెరకేసి చూసింది, బల్ల కింద చూసింది. "కప్పు యాడుండాది?"

"ఇంకా సేయలేదమ్మా. కొంటే సేస్తారు."

"సేయని కప్పు మీద నా కోడలు కూసున్నాదా?" ఆమె చేయి తనకు తెలియకుండానే గుండె మీదికి పోయింది. "అప్పా, ఇది సామాన్యమైన కత కాదు."

అయినా ఆ చోటూ పనికిరాలేదు. ఆరు రంగులు, మూడు సైజులు, పేరు రాయడానికి ఒక గడి. అంతకుమించి అడిగే హక్కు అమ్మేవాళ్ళకు లేదు. చీరలు ఇటు రావాలన్న మాట చెబితే ఆ గడులకు అర్థం కాలేదు. వాటికి తెలిసిన సరుకు ఒకవైపే పోతుంది.

మూడోది మాత్రం ఖాళీ స్థలం లాంటిది. గోడలు, గడపలు మనమే కట్టుకోవాలి, నెలకింత బాడుగ. మొదటి రెండు నెలలు ఉచితం. "ఈడ కొనేటోళ్ళను ఎన్ని ప్రశ్నలన్నా అడగొచ్చు" అన్నాడు సుధాకర్.

"ఏమన్నా అడగొచ్చునా?"

"ఏమన్నా."

ఆ సాయంత్రం హుసేనమ్మ చెప్పింది, సుధాకర్ శాసనం చెక్కుతున్నంత నిష్ఠగా కొట్టినాడు. ఈ చీరలు ఎవరివి? ఇంట్లో కాళ్ళు పొడుగు ఎవరికి? ఏడ్చి కట్టుకున్న చీర ఏదైనా ఉందా, ఉంటే ఏది? కప్పుకునేవాళ్ళు ముసుగు పెడతారా, ముఖం బయట పెడతారా? అట్లా పదకొండు.

"అమ్మా, కొనేటోళ్ళు రెండు ప్రశ్నలకే విసుక్కుంటారు."

"ఇసుక్కునేటోళ్ళకు బొంతెందుకప్పా? పులి రగ్గు కొనుక్కోమను."

పదకొండింటిలో నాలుగో మూల ఊసు లేదు. సుధాకర్‌కు ఆ సంగతే తెలియదు. హుసేనమ్మకూ సంతోషికీ మరీ బాగా తెలుసు. చెప్పులమ్మేవాడు వాటిని కాళ్ళకే తొడుక్కోవాలని రాసి పెడతాడా?

మూడో వారంలో విశాఖపట్నం నుంచి ఒక టీచరమ్మ ఆర్డరు పెట్టింది. పదకొండు ప్రశ్నలకూ జవాబులు రాసింది. చీరలు వాళ్ళమ్మవి. కాళ్ళు పొడుగు వాళ్ళమ్మకే. ముసుగు పెట్టదు, ఊపిరాడదట. నీలంచీర లోపల వేయండి, కారణం అడగొద్దు. సంతోషి చదివి వినిపిస్తుంటే హుసేనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని విన్నది. "ముఖం సూడలేదు. ఇల్లు సూడలేదు. నీలంచీర సంగతి నాకు సెప్పుకున్నాది సూడు" అని ఆ పూట నాలుగుసార్లు అన్నది.

పార్సిలొచ్చింది. కొబ్బరినూనె పోసి వక్కాకు డబ్బా మూత తీసినారు. పన్నెండు రోజులు కుట్టింది. మూడు మూలలు మూసి, నాలుగో మూలలో దారంతో సూది గుచ్చి, "ఇంగ వాళ్ళ పని" అన్నది. ఈరేష్ దాన్ని ఆదోని తీసుకుపోయి కొరియర్‌లో వేసినాడు.

ఐదో రోజు ఫోన్ మోగింది. దుకాణంలో మొట్టమొదటి అభిప్రాయం, ఐదింటిలో రెండు చుక్కలు. "బొంత అందంగా ఉంది. కానీ ఒక మూల కుట్టడం మరిచారు. సూది కూడా అందులోనే ఉంది. అమ్మకు గుచ్చుకునేది. తిరిగి పంపేస్తాను."

సంతోషి వెంటనే సుధాకర్‌కు ఫోన్ చేసింది. అతను నిమిషంలో పరిష్కారం చెప్పినాడు. "మూలే కదమ్మా. తెప్పించి కుట్టి పంపండి. ఇకమీదట అన్నీ మూసే పంపండి."

"నేను మూస్తే అది నా బొంతయితాది" అన్నది హుసేనమ్మ. "నా బొంత వాళ్ళెందుకు కప్పుకోవాల?"

"అత్తా, అంగడి పోతాది."

"పోనీ మ్మే. మూల మూసి అమ్మేదానికి బండి మీద రగ్గులుండాయి కదా."

కోపం లేదు ఆ గొంతులో. సూదులన్నీ గుడ్డకు గుచ్చి, గుడ్డ మడిచి, డబ్బాలో పెట్టింది. మూత మీద అరచేయి పెట్టి ఒత్తింది. సంతోషి ఆ చేతినే చూస్తూ కూర్చుంది. తర్వాత ఫోన్ తీసి అత్త నోటి ముందు పెట్టింది.

"ఆ టీచరమ్మకు నువ్వే సెప్పు."

"ఈడ్నించా?"

"ఈడ్నించే. పోతాది."

హుసేనమ్మ గొంతు సవరించుకుంది. కొంగు భుజం మీదికి లాక్కుంది, ఎదుట మనిషి ఉన్నట్టు. "అమ్మా, నేను పెద్దకడుబూరు హుసేనమ్మను. మరిసిపోలేదమ్మా. ఆ మూల మీ అమ్మది. రొట్టె తునక పెట్టి ఏడు కుట్లు ఏసి మూయమను. కడుపు నిండితేనే బొంత ఎచ్చగా ఉంటాది. సూది గురించి ముందే సెప్పాల్సింది. అది నా తప్పు."

మరుసటి రోజు జవాబు లేదు. ఆ మరుసటి రోజూ లేదు. ఈరేష్ అన్న 'మూసేద్దాం' అనే మాటే తీర్పులాగా ఇంట్లో తిరిగింది.

మూడో రోజు మధ్యాహ్నం ఫొటో వచ్చింది. మంచం మీద బొంత, దాని మీద ముడతలుపడిన ఒక చేయి, వేళ్ళ మధ్య సూది. పక్కన పళ్ళెంలో దిబ్బరొట్టె, అంచు ఒక తునక తక్కువ. కింద టీచరమ్మ రాసిన మాటలను సంతోషి చదివింది. "మా వైపు జొన్నరొట్టె దొరకలేదు. అమ్మ సూది పట్టి ఆరేళ్ళయింది. మూల మూసేదాకా ఎవరినీ తాకనివ్వలేదు. రాత్రి దుప్పటి తన్నేయకుండా నిద్రపోయింది. సూది మాత్రం తిరిగి ఇవ్వనంటోంది."

రెండు చుక్కలు ఐదయ్యాయని సంతోషి చెప్పింది. హుసేనమ్మ వినలేదు. చుక్కలతో ఆమెకు పని లేదు. ఫోన్ తీసుకుని, కోడలు నేర్పినట్టు రెండు వేళ్ళతో మూలను పెద్దది చేసింది. కుట్లు వంకర, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టింది.

"ఎనిమిది ఏసింది" అన్నది చిన్నగా. "యాడ ఇశాకపట్నం, యాడ నేను. నా సూది ఆమె చేతిలో ఉండాది, ఆమె చెయ్యి నా చేతిలో ఉండాది." ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని, సాయంత్రం ఈరేష్ వచ్చేదాకా కింద పెట్టలేదు. అతను వంగి చూసినాడు. "నిలబడిందిలే" అని కాళ్ళు కడుక్కోడానికి పోయినాడు.

ఆ వారమే ఎమ్మిగనూరు పోయి పన్నెండో ప్రశ్న పెట్టించారు. మీ ఇంట్లో నాలుగో మూల మూసేది ఎవరు?

"జవాబు రాయకపోయినా ఆర్డరు తీసుకోవచ్చునా?" అన్నాడు సుధాకర్.

"తీసుకోవద్దు."

అతను ఏదో నొక్కినాడు. ప్రశ్న పక్కన ఎర్ర నక్షత్రం ఒకటి వెలిగింది. "ఇంతే అమ్మా. ఇది నింపకుండా ఎవరూ ముందుకు పోలేరు."

హుసేనమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని వంగి చూసింది. నువ్వుగింజంత కూడా లేదు.

"ఎంత పెద్ద ఉద్యోగస్తులైనానా?"

"కలెక్టరైనా నిలబడాల్సిందే అమ్మా."

ఆమె చాలాసేపు దానికేసే చూసింది. బస్సుకు టైమవుతుందని సంతోషి రెండుసార్లు పిలిచింది.